పదిహేను వందల డాలర్లు, ఐదు కవర్లు: వేగాస్‌లో నా మెట్ల లెక్క

ముందే చెప్పేస్తున్నా, నేను జూదగాణ్ణి కాదు. భీమవరం దగ్గర పల్లెటూళ్ళో పుట్టాను కాబట్టి సంక్రాంతి మూడు రోజులూ కోడిపందేల బరుల పక్కన గుండాటలూ పేకాటలూ చూస్తూ పెరిగాను, అంతే. స్వయంగా ఆడింది మాత్రం ఇంజినీరింగ్ హాస్టల్లో పాయింటు పావలా రమ్మీ. ఇప్పుడు ఉంటున్నది కాలిఫోర్నియాలో, ఇర్వైన్‌లో. చేసేది డేటా ఉద్యోగం. ఇంటి నుంచి లాస్ వేగాస్ కారులో నాలుగున్నర గంటలు. ఇండియా నుంచి ఎవరొచ్చినా చూపించాలి కదా, అలా నాలుగైదుసార్లు వెళ్ళి ఫౌంటెన్లు చూపించి, బఫే తినిపించి తీసుకొచ్చేసేవాణ్ణి. ఆటకి కూర్చోవాలనే వెళ్ళడం మాత్రం ఇదే మొదటిసారి.

నేను ఆడదామనుకున్నది బ్లాక్‌జాక్ అనే పేకాట. అది మన రమ్మీ లాంటిది కాదు. బల్ల చుట్టూ ఎంతమంది కూర్చున్నా ఎవడి ఆట వాడిదే, అందరూ డీలర్‌తోనే, అంటే ముక్కలు పంచే క్యాసినో మనిషితోనే ఆడతారు. ముక్కల విలువ కలిపితే 21కి దగ్గరగా రావాలి, దాటితే పోయినట్టే. రాజు, రాణి, జాకీ అన్నీ పదిగానే లెక్క, ఆసు ఒకటైనా అనుకోవచ్చు పదకొండైనా అనుకోవచ్చు. డీలర్ ముక్కల్లో ఒకటి కనిపిస్తుంది, రెండోది బోర్లా ఉంటుంది. డీలర్‌కి 16 వరకు ఇష్టం ఉన్నా లేకపోయినా ముక్క తీయాల్సిందే, మనకి ఆ బంధం లేదు, అది మన బలం. మరి వాళ్ళ బలం ఏంటంటే మనం ముందు ఆడాలి. మనం 21 దాటితే డబ్బు అక్కడికక్కడే లాగేసుకుంటారు, ఆ తర్వాత డీలర్ కూడా దాటిపోయినా మనకి ఒరిగేదేం లేదు. క్యాసినో బతికేది ఈ ఒక్క కిటుకు మీదే.

ఏ ముక్కలకి ఏం చేయాలో ఎప్పుడో తేల్చేశారు. అమెరికా సైన్యంలో ఉన్న నలుగురు కుర్రాళ్ళు మేరీల్యాండ్‌లోని అబర్డీన్ స్థావరంలో ఆఫీసు లెక్కల మిషన్లు నొక్కి నొక్కి ఒక పట్టిక తయారుచేసి, 1956లో గణాంక శాస్త్రం పత్రికలో వేశారు. 1962లో ఎడ్వర్డ్ థార్ప్ అనే లెక్కల ప్రొఫెసర్ ఇంకో అడుగు ముందుకేసి, బయటికెళ్ళిన ముక్కలు గుర్తుపెట్టుకుంటే ఏకంగా క్యాసినో మీదే పైచేయి సాధించొచ్చని పుస్తకం రాశాడు. వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రంలో బుర్రతో ముక్కలు లెక్కపెట్టడం నేరం కాదు, ఫోనో మిషనో వాడితే నేరం. అయితే అనుమానం వస్తే "మీరు ఇక్కడ బ్లాక్‌జాక్ ఆడొద్దు" అని మర్యాదగా లేపేసే వీలు క్యాసినో వాళ్ళకి ఉంది. న్యూజెర్సీ రాష్ట్రంలో క్యాసినోలుండే అట్లాంటిక్ సిటీలో అలా కుదరదు, 1982లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఆ విషయం తేల్చింది. నాకు లెక్కపెట్టే ఓపికా లేదు, లేపేస్తే తట్టుకునే మొహమూ లేదు. అందుకే ఆట మొత్తం పట్టిక ప్రకారం, పందెం మాత్రం నా పద్ధతిలో, అనుకున్నాను.

నా పద్ధతికి మెట్ల లెక్క అని పేరు పెట్టుకున్నాను. మొదటి పందెం 15 డాలర్లు. గెలిస్తే మళ్ళీ 15, మళ్ళీ గెలిస్తే 25, మళ్ళీ గెలిస్తే 40, ఆ తర్వాత గెలిచినా ఓడినా కిందికి దిగి 15. మధ్యలో ఎక్కడ ఓడినా 15కే. ఓడుతూ పందెం రెట్టింపు చేసుకుంటూ పోయే పాత పద్ధతి ఉంది చూశారూ, దానికి ఇది తిరగేసినట్టు, వాళ్ళ డబ్బుతోనే పెద్ద పందెం కాయడం అన్నమాట. పదిహేను వందలు ఐదు కవర్లలో సర్దాను, కూర్చున్న ప్రతిసారీ ఒక కవరు, ఒక కవర్లో 300, అది అయిపోతే లేవాలి, 200 లాభం వచ్చినా లేవాలి. డీలర్‌కి ఆసు కనిపించినప్పుడు ఇన్సూరెన్స్ అని ఒక పక్క పందెం కాయమంటారు, అది ఎప్పుడూ తీసుకోకూడదు. బల్ల దగ్గర మందు ముట్టకూడదు. ఇవన్నీ ఒక చిన్న అట్టముక్క మీద రాసి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

ఇంట్లో కంప్యూటర్ మీద కోటి ఆటలు ఆడించి చూశాను కూడా. ఏం తేలిందో దాచను. మెట్లు ఎక్కినా దిగినా క్యాసినో వాటా మారలేదు, మంచి రూల్స్ ఉన్న బల్ల మీద వందకి అర డాలరు దగ్గరే ఉంది. సగటు పందెం 18 డాలర్ల లోపు, గంటకి 80 ఆటలు అనుకుంటే గంటకి ఏడెనిమిది డాలర్లు పోవాలి. వినడానికి చాలా తక్కువ, సినిమా టికెట్ కంటే చవక. కానీ అదే గంటలో అటూ ఇటూ ఊగేది రెండొందల దాకా ఉంటుంది. అంటే నాలుగు రోజులు ఆడినా నా పద్ధతి మంచిదో చెడ్డదో ఆ అంకెలతో తేలనే తేలదు, ఆ ఊగుడులోనే కొట్టుకుపోతుంది. ఇది నాకు ముందే తెలుసు. మరెందుకు వెళ్ళావంటే, కోటి ఆటలు ఆడింది కంప్యూటర్, దానికి టెన్షన్ ఉండదు. నేను ఆ అట్టముక్క మీద ఉన్నట్టు నాలుగు రోజులు ఆడగలనా అనేది చూడాలనిపించింది.

మా ఆవిడ ఒక్కటే షరతు పెట్టింది. పదిహేను వందలు క్యాష్ తీసుకెళ్ళండి, డెబిట్ కార్డు ఇంట్లో పెట్టండి, మా తమ్ముణ్ణి తోడు తీసుకెళ్ళండి అని. అది ఒకటి కాదు మూడు అవుతాయి గానీ, వాదించలేదు.

మొదటి రోజు, గురువారం

అక్టోబరు నెల. పొద్దున్నే పులిహోర డబ్బా, జంతికలు కారులో పడేసి బయల్దేరాం. కాహోన్ కనుమ ఎక్కి దిగితే ఇక ఎడారే, బార్‌స్టో దాటాక రోడ్డు కొలబద్ద పెట్టి గీసినట్టు ఉంటుంది. బేకర్ అనే చిన్న ఊళ్ళో ఆగాం, అక్కడ 134 అడుగుల థర్మామీటరు స్తంభం ఉంది. 1913లో దగ్గర్లోని డెత్ వ్యాలీలో 134 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది, అందుకని అన్ని అడుగులు కట్టారు. ఆ రోజు 91 చూపిస్తోంది. మా బావమరిది దాని కింద నిలబడి సెల్ఫీ తీసుకుని "బావా, నీ ఐదు కవర్లూ నాకిచ్చెయ్, ఇక్కడి నుంచే వెనక్కి తిరిగిపోదాం, కనీసం పులిహోర మిగులుద్ది" అన్నాడు. వాడికి ఆట మీద నమ్మకం లేదు, స్లాట్ మిషన్ మీద మాత్రం ఉంది, అదేం లెక్కో మరి.

మధ్యాహ్నానికి స్ట్రిప్ మీద, అంటే పెద్ద క్యాసినోలు వరసగా ఉండే రోడ్డు మీద, ఒక హోటల్లో దిగాం. రూము అద్దె చవగ్గా ఉందని తీసుకుంటే రిసార్ట్ ఫీజు అని రోజుకి ఇంకో యాభై వేశారు, ఆ ఫీజుకి ఏమిచ్చారయ్యా అంటే వైఫై, రెండు నీళ్ళ సీసాలు. ఇంకో సంగతి, మనం లాస్ వేగాస్ అనుకునే ఆ స్ట్రిప్‌లో చాలా భాగం అసలు లాస్ వేగాస్ నగరంలోనే లేదు, ప్యారడైజ్ అనే పక్క ప్రాంతంలోకి వస్తుంది. పన్నులు తప్పించుకోవడానికి అప్పట్లోనే ఊరి పొలిమేర అవతల కట్టుకున్నారు.

సాయంత్రం అంతా ఆడలేదు, బల్లలు చూస్తూ తిరిగాను. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రయాణంలో ఎవరికైనా పనికొచ్చే ముక్క ఇదొక్కటే. మొదటి రెండు ముక్కలకే 21 వస్తే దాన్ని బ్లాక్‌జాక్ అంటారు, పాత లెక్కన 10 డాలర్లకి 15 ఇస్తారు, అదే 3 కి 2. ఇప్పుడు స్ట్రిప్ మీద చిన్న పందేల బల్లల్లో చాలావాటి మీద 6 కి 5 అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, అంటే 10కి 12 మాత్రమే. మూడు డాలర్లే కదా అనిపిస్తుంది. కానీ బ్లాక్‌జాక్ దాదాపు ఇరవై ఒక్క ఆటలకి ఒకసారి పడుతుంది, వంద ఆటల్లో నాలుగైదుసార్లు, అలా పది డాలర్ల పందేలు వంద ఆడితే 14 డాలర్లు చేజారతాయి. పట్టిక మొత్తం బట్టీపట్టి క్యాసినో వాటాని అర శాతానికి తెస్తే, ఈ ఒక్క రూలు దాన్ని దాదాపు నాలుగింతలు చేసేస్తుంది. చాలామంది మన కుర్రాళ్ళు ఆ అక్షరాలు చూడకుండానే కూర్చుంటున్నారు. నేను నాలుగు క్యాసినోలు తిరిగితే 15 డాలర్ల కనీస పందెంతో 3 కి 2 ఇచ్చే బల్ల ఒక్కటి దొరికింది, అదీ వెనక మూల, పొగ వాసనలో.

కూర్చునేసరికి రాత్రి తొమ్మిదైంది. డబ్బు డీలర్ చేతికి ఇవ్వకూడదు, బల్ల మీద పెట్టాలి. ఆమె వంద నోట్లు మూడూ పైనున్న కెమెరాకి కనపడేలా పరిచి, గట్టిగా అరిచి సూపర్‌వైజర్‌కి చెప్పి, ఒక సందులోకి తోసేసింది. ఆ సందులోకి నోట్లు పోయే చప్పుడు ఉంటుంది చూడండి, టక్ మని, అది వింటే మన గుడి హుండీ గుర్తొచ్చింది. ఆరు పేకలు కలిపి షూ అనే పెట్టెలో పెట్టి పంచుతారు. ముక్కలు ముట్టుకోకూడదు, ఇంకోటి కావాలంటే బల్ల మీద వేలితో తట్టాలి, వద్దంటే చెయ్యి అడ్డంగా ఊపాలి. నోటితో చెప్తే ఒప్పుకోరు, కెమెరాలో కనపడాలి. ఒక్కో షూ అయిపోగానే ఒక డాలరు బిళ్ళ ఎడమ జేబులోంచి కుడి జేబులోకి మార్చుకున్నాను, లేచాక ఎన్ని షూలు ఆడానో పుస్తకంలో రాసుకోవడానికి.

రెండు గంటల్లో పై మెట్టు, అంటే 40 పందెం, పదకొండుసార్లు తగిలింది, అందులో ఎనిమిది గెలిచాను. 215 లాభం. అట్టముక్క ప్రకారం లేచేశాను. లేస్తుంటే చేతులు కొంచెం వణుకుతున్నాయి, గెలిచి లేవడం ఇంత కష్టమా అనుకున్నాను. బావమరిది స్లాట్‌లో అరవై పోగొట్టి, ఎదురుగా వచ్చి, నా మొహం చూసి "ఓహో" అన్నాడు.

రెండో రోజు, శుక్రవారం

పొద్దున డౌన్‌టౌన్ వెళ్ళాం. ఫ్రీమాంట్ వీధి చివర ఎల్ కోర్టెజ్ అని 1941 నాటి క్యాసినో ఉంది, ఒకే పేకతో ఆడే పాత రకం ఆట, బ్లాక్‌జాక్‌కి 3 కి 2, అందుకే ఆట తెలిసినవాళ్ళు వెతుక్కుంటూ వస్తారు. స్ట్రిప్ మీదున్న చలువరాయి హంగులేం లేవు, పాత సినిమా హాల్లోకి అడుగుపెట్టినట్టు ఉంటుంది, నాకు చాలా నచ్చింది. ఇక్కడ ముక్కలు బోర్లా పంచుతారు, ఒక్క చేత్తోనే పట్టుకోవాలి. నేను రమ్మీ అలవాటుకొద్దీ రెండు చేతులతో విసనకర్రలా విప్పబోతే డీలర్ పెద్దాయన "వన్ హ్యాండ్, సార్" అన్నాడు. ఇంకో ముక్క కావాలంటే చేతిలో ముక్కల అంచుతో బల్ల గుడ్డని గీరాలి, చాలంటే ముక్కల్ని చిప్స్ (డబ్బుకి బదులు ఇచ్చే పందెం బిళ్ళలు) కిందికి దోపాలి. ఆ గీరే చప్పుడు బాగుంటుంది.

నేను చివరి కుర్చీలో కూర్చున్నాను, అంటే డీలర్ కంటే ముందు ఆఖర్న ఆడేవాణ్ణి. నా చేతిలో 12, డీలర్‌కి కనిపిస్తున్నది 2. పట్టిక ముక్క తీయమంటుంది. గీరాను, పది పడింది, 22, పోయింది. డీలర్ బోర్లా ముక్క తిప్పాడు, పది, మొత్తం 12. ఇంకోటి తీశాడు, తొమ్మిది, 21. బల్లంతా ఊడ్చుకుపోయాడు. పక్క కుర్చీలో టోపీ పెట్టుకున్న ముసలాయన నా వైపు తిరిగి, నువ్వు ఆ పది లాక్కోకపోతే డీలర్ 22తో పోయేవాడు కదయ్యా అని అందరికీ వినపడేలా అన్నాడు. ఆ ఒక్కసారికి ఆయన చెప్పింది నిజమే. కానీ నేను లాగిన ముక్క వల్ల బల్ల మునిగేది ఎన్నిసార్లో తేలేది అన్నిసార్లు, మునిగినవే గుర్తుంటాయి. ఈ వాదన నాకు కంఠతా వచ్చు. అయినా ఆ తర్వాత పావుగంట ఆయన వైపు చూడకుండా ఆడాను, రెండుసార్లు 12 వస్తే ముక్క తీయడానికి చెయ్యి వెంటనే కదల్లేదు. మా ఊళ్ళోనూ ఇంతే, పేకాటలో ఓడినవాడు వెనక నిలబడి చూసేవాణ్ణి తిడతాడు. 140 పోయాక భోజనానికి లేచాం.

సాయంత్రం మళ్ళీ ఆరు పేకల బల్ల. 75 వెనకబడి ఉన్నాను. ఎట్టకేలకు మూడు వరుసగా గెలిచి 40 పెట్టాను. వచ్చినవి రెండు ఎనిమిదులు, డీలర్‌కి పది. ఇంతకన్నా దరిద్రమైన పరిస్థితి ఆటలో అరుదు. 16గా ఉంచి ఆడితే సగటున వందకి 54 దాకా పోతాయి, విడదీసి రెండు ఆటలుగా ఆడితే 48 దాకా. అంటే విడదీయడం గెలుస్తామని కాదు, కొంచెం తక్కువ ఓడతామని. ఇంకో 40 పెట్టి విడదీశాను. మొదటి ఎనిమిది మీద మూడు పడింది, పదకొండు. పట్టిక ఇక్కడ రెట్టింపు చేయమంటుంది. ఇంకో 40. బల్ల మీద నావి 120 డాలర్లు, మొదట అనుకున్నది 40. గొంతు ఆరిపోయింది. పదకొండు మీద ఆరు పడింది, పదిహేడు, ఛీ అనుకున్నాను. రెండో ఎనిమిది మీద రాజు, పద్దెనిమిది. డీలర్ బోర్లా ముక్క తిప్పింది, ఐదు. పదిహేను. ఇంకో ముక్క తీసింది, మెల్లగానే తీసిందో నాకే అలా అనిపించిందో, ఎనిమిది. 23. ముగ్గురం ఒకేసారి అరిచాం. 120 వచ్చింది. నా లెక్క గొప్పదనం అందులో ఇసుమంతైనా లేదు, 1956 నాటి పట్టిక చెప్పింది చేశాను, ఎనిమిది పడింది, అంతే. ఆ షూ పూర్తయ్యేసరికి 45 లాభంతో లేచాను.

రాత్రి తినేటప్పుడు బావమరిదితో ఇది నైపుణ్యమా అదృష్టమా అని పెద్ద చర్చ. రమ్మీ నైపుణ్యం ఆటేనని సుప్రీంకోర్టు 1960ల్లోనే తేల్చింది, అదీ మన సికింద్రాబాద్‌లో ఒక రిక్రియేషన్ క్లబ్బు మీద పెట్టిన కేసులో. మూడు ముక్కలాట మాత్రం పూర్తిగా అదృష్టం అంది. తర్వాత ఆన్‌లైన్లో డబ్బు పెట్టి ఆడే రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో మూసేశాయనుకోండి, అది వేరే కథ. మరి బ్లాక్‌జాక్ ఎటు వైపు అన్నాడు వాడు. ఎంత తక్కువ ఓడాలన్నది నైపుణ్యం, ఎప్పుడు ఓడాలన్నది అదృష్టం అన్నాను. "అబ్బో, రెండు రోజులకే సూక్తులు చెప్పేస్తున్నావే" అని బిర్యానీ గిన్నె తన వైపు లాక్కున్నాడు.

రెండు రోజులకి కలిపి 120 లాభం. పడుకునే ముందు పుస్తకంలో అన్నీ నీటుగా రాశాను. ఎన్ని షూలు, ఎన్నిసార్లు పై మెట్టు, పట్టిక తప్పినవి సున్నా. ఆ సున్నా చుట్టూ గీత కూడా గీశాను.

మూడో రోజు, శనివారం

మధ్యాహ్నం సీజర్స్ ప్యాలెస్ ముందు బ్రహ్మ గుడికి వెళ్ళాం. తమాషాకి చెప్పట్లేదు, నిజంగానే ఉంది. నాలుగు ముఖాల థాయ్ బ్రహ్మ విగ్రహం, బంగారు పూత, 1984లో పెట్టారు. బ్రహ్మకి భూమ్మీద పూజలుండవని శాపం కదా, మన దగ్గర గుంటూరు వైపు చేబ్రోలు లాంటి గుళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అలాంటిది జూదశాల గుమ్మంలో ఆయనకి రోజూ అగరొత్తులూ పూలూ పళ్ళూ. తలరాత రాసేవాడి కాళ్ళు అక్కడే పట్టుకుందామని కాబోలు. మేమూ దణ్ణం పెట్టాం. బావమరిది చెప్పులు విప్పి మరీ పెట్టాడు.

శనివారం వేగాస్ వేరే ఊరు. గురువారం 15 ఉన్న బల్ల 25 అయింది, నిలబడటానికి చోటు లేదు. 15కి దొరికేవన్నీ 6 కి 5. నా అట్టముక్కలో ఇలాంటి రోజుకి రూలు రాసుకోలేదు. అక్కడే లేచిపోయి సినిమాకో షోకో వెళ్ళాల్సింది. కానీ బుర్ర వెంటనే సవరణ చేసేసింది, మెట్లన్నీ కొంచెం పైకి జరిపితే సరిపోతుంది కదా, 25, 25, 40, 65. కవర్లో 300 మాత్రం అంతే ఉంది, దాన్ని జరపలేదు. నలభై నిమిషాలు కూడా పట్టలేదు. ఒక్కసారి కూడా వరుసగా మూడు గెలవలేదు. నాలుగో కవరు ఖాళీ.

ఇక్కడి వరకు తప్పేం లేదు, కవరు ఉన్నదే అందుకు. రూముకి వెళ్ళి స్నానం చేసి పడుకున్నాను. నిద్ర రాలేదు. రెండు రోజులు పద్ధతిగా ఆడి సంపాదించిన 120, నలభై నిమిషాల్లో మైనస్ 180 అయిందన్నదే తిరుగుతోంది. పదకొండింటికి బావమరిది నిద్రపోయాడు. నేను ఐదో కవరు తీసుకుని చప్పుడు కాకుండా తలుపు వేసి దిగాను. అది ఆదివారం కవరు. దాని మీద నా చేత్తోనే ఆది అని రాసి ఉంది.

ఆ రాత్రి గురించి ఎక్కువ రాయాలని లేదు. బీరు తెప్పించుకున్నాను, తెచ్చినమ్మాయికి రెండు డాలర్లు టిప్పు, అది కూడా మెట్ల లెక్కలోకి రాదు. మెట్లు తలకిందులయ్యాయి, ఓడినప్పుడల్లా పెంచడం మొదలుపెట్టాను, 25, 50, 100. ఆదివారం కవరు పది ఆటల లోపే అయిపోయింది. మళ్ళీ పైకెళ్ళి మొదటి కవర్లోంచి 300. వాడు గురక పెడుతున్నాడు.

150 పెట్టాను. నాకు రెండు రాణులు, 20. డీలర్‌కి ఆసు. ఇన్సూరెన్స్ కావాలా అని ఆమె చెయ్యి బల్ల మీద అర్ధచంద్రంలా తిప్పింది. డీలర్ బోర్లా ముక్క పది అయితే రెండింతలు ఇస్తారు, కానీ అది పది అయ్యేది మూడింట ఒక వంతు కంటే తక్కువసార్లే, పైగా నా చేతిలో అప్పటికే రెండు పదులున్నాయి, ఈ లెక్క ఇర్వైన్‌లో మా పిల్లాడికి కూడా చెప్పాను. 75 పెట్టి ఇన్సూరెన్స్ తీసుకున్నాను. బోర్లా ముక్క పది కాదు. 75 పోయింది. తిప్పితే నాలుగు, ఆసుతో పదిహేను. తర్వాత ఆరు. 21. 150 కూడా పోయింది. ఇదంతా అర నిమిషం.

మిగిలిన 75, లాభంలోంచి పర్సులో వేసుకున్న రెండు ఇరవైలు కలిపి 115 మొత్తం పెట్టేశాను. నాకు 16, డీలర్‌కి 7. దీనికి ముక్క తీయాలి, ఇది పట్టికలో ఒకటో తరగతి పాఠం. నేను చెయ్యి అడ్డంగా ఊపాను. ఎందుకు ఊపానంటే ఇంకో ముక్క తీసి నా చేతులారా పోగొట్టుకోవడం ఇష్టం లేక, ఆవిడే పోతే బాగుండునని. ఆవిడ పోలేదు. బోర్లా ముక్క పది, 17.

రూముకి వెళ్ళేసరికి రెండున్నర. లిఫ్టులో నాతోపాటు ఒక పెళ్ళి బృందం ఉంది, పెళ్ళికూతురు చెప్పులు చేత్తో పట్టుకుని నవ్వుతోంది.

నాలుగో రోజు, ఆదివారం

పొద్దున కాఫీ తాగుతూ చెప్పేశాను. వాడు ఏమీ అనలేదు, అనకపోవడమే ఇబ్బందిగా అనిపించింది. కాసేపాగి "ఎంత?" అన్నాడు. రాత్రి ఆరువందల నలభై అన్నాను. "అక్కకి నేను చెప్పను బావా, నువ్వే చెప్పుకో" అన్నాడు.

వెళ్ళిపోయేలోపు ఎల్ కోర్టెజ్‌కి మళ్ళీ వెళ్ళాను. రెండో కవర్లో మిగిలిన 160 తీసుకున్నాను, ఐదోది ఎలాగూ లేదు. వాడు స్లాట్ల వైపు వెళ్ళకుండా నా వెనకే నిలబడ్డాడు, కాపలాకి. ఆదివారం పొద్దున బల్ల మీద మనుషులు తక్కువ, అదే పెద్దాయన డీలర్. మళ్ళీ 15, 15, 25, 40. గంటన్నర ఆడాను. 12కి 2 రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ గీరాను, ఒకసారి పోయింది, ఒకసారి తొమ్మిది పడి 21 అయింది. ఇన్సూరెన్స్ ముగ్గురు తీసుకున్నారు, నేను తీసుకోలేదు. 110 లాభం వచ్చాక వాడే భుజం మీద తట్టాడు. చిన్న చిప్స్ అన్నీ ఇచ్చి పెద్ద చిప్స్ తీసుకుని, డీలర్‌కి ఐదు డాలర్లు టిప్పు ఇచ్చి లేచాం. ఆ ఐదూ పుస్తకంలో ఎక్కించలేదు, అది వేరే పద్దు.

ఆదివారం మధ్యాహ్నం వేగాస్ నుంచి కాలిఫోర్నియా వెళ్ళే రోడ్డు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ప్రిమ్ దగ్గర, రాష్ట్ర సరిహద్దులో, గంటకి పైగా ఇరుక్కుపోయాం. ముందూ వెనకా కాలిఫోర్నియా నంబర్ ప్లేట్లే, ఒక్కో కారులో ఒక్కో లెక్క. జంతికలు అయిపోయాయి. ఖాళీగా కూర్చోలేక పుస్తకం తీసి కూడాను. గురువారం ప్లస్ 215. శుక్రవారం మైనస్ 140, ప్లస్ 45. శనివారం మైనస్ 300, మైనస్ 640. ఆదివారం ప్లస్ 110. మొత్తం మైనస్ 710. ఇంటికి వెళ్తున్నవి 790.

గురు, శుక్ర, ఆది పేజీల్లో షూలు, మెట్లు, అన్నీ ఉన్నాయి. శనివారం మధ్యాహ్నం కూడా ఉంది. శనివారం రాత్రి పేజీలో 640 అనే అంకె తప్ప ఏమీ లేదు. ఎన్ని ఆటలు ఆడానో, ఎన్నిసార్లు పట్టిక తప్పానో రాద్దామని కూర్చుంటే పైన చెప్పిన రెండూ తప్ప ఏవీ గుర్తు రావట్లేదు. బిళ్ళ ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మార్చడం కూడా మానేశాను కాబోలు, పొద్దున చూస్తే అన్నీ ఎడమ జేబులోనే ఉన్నాయి.

"చూడు, శనివారం తీసేస్తే 230 లాభం" అన్నాను వాడికి పుస్తకం చూపిస్తూ.

"శనివారం తీసేస్తే ఈ రోడ్డు మీద ఉన్నవాళ్ళంతా గెలిచినోళ్ళే బావా" అన్నాడు, కారు ఒక పది అడుగులు ముందుకి పోనిచ్చి.

బేకర్‌లో థర్మామీటరు 88 చూపిస్తోంది. అక్కడ ఆగి మా ఆవిడకి ఫోన్ చేశాను.